మూత కింద

ముప్పై ఏళ్లు ఈ పూల్ గట్టు మీద నిలబడి విజిల్ ఊదిన మాస్టారు ఇప్పుడు ఇదే పూల్ అడుగున, నలుగురిలో ఒకరుగా మోకాళ్ల మీద కూర్చుని, తన వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నారు. వీపున సిలిండర్, ఒంటిని పట్టేసిన జాకెట్, నోట్లో రెగ్యులేటర్ అనే రబ్బరు బిళ్ల. పసిపిల్లాడి నోట్లో పాలపీక పెట్టినట్టుంది, ఈ వయసులో ఇదొకటి. ఊపిరి తీసుకుంటే బుస్సుమంటుంది, వదిలితే బుడబుడమంటూ చెవుల పక్కనుంచి పైకి పోతుంది. పక్కన బ్యాంకాయన, పెద్ద పొట్ట, అడుగున నిలవలేక మాటిమాటికీ తేలిపోతున్నాడు. ఆ పక్కన కొత్తగా పెళ్లయిన జంట, నీళ్లలో కూడా చేతులు వదలరు. వెనక ఒక అసిస్టెంట్ కుర్రాడు. ఎదురుగా, తెల్ల పలకల మధ్య నల్ల గీత మీద, ఇన్‌స్ట్రక్టర్‌గారు. ఒక్కొక్కరి దగ్గరికీ వస్తుంది, ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంటుంది, కళ్లల్లోకి చూస్తుంది, బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి, బాగానే ఉందా అని అడుగుతుంది. బాగుంటే వాళ్లూ సున్నా చుట్టి చూపించాలి. అది రూలు. కళ్లల్లోకి చూడడం కూడా రూలే. మాస్టారు ఫీజు కట్టింది ఆ చూపు కోసం. పదేళ్లు దాటింది ఆమె ఆయన కళ్లల్లోకి చూసి. ఆమె ఆయన కూతురు.

కూతురే, సందేహం ఏముంది, ముక్కు ఆయనదే, మాస్క్ కింద నొక్కుకుపోయినా తెలుస్తూనే ఉంది. ఊళ్లోకి వచ్చినప్పుడల్లా ఇంటికి వచ్చిపోతూనే ఉండేది, ఆయన పూల్ దగ్గర ఉండే వేళ చూసుకుని. ఆయన ఇల్లు చేరేసరికి సింకులో రెండో కాఫీ కప్పు, భార్య ముఖంలో కాస్త వెలుగు, అంతే మిగిలేవి. రిటైరయ్యాక రోజంతా ఇంట్లోనే ఉంటాం కదా, ఇక ఎదురుపడక ఎక్కడికి పోతుంది అనుకున్నారు. అప్పుడు ఆమె ఇంటికి రావడం మానేసి పూల్‌కి రావడం మొదలుపెట్టింది. వాచ్‌మన్ చెప్పాడు బజార్లో కనపడి, "మాస్టారూ, మన పాప పొద్దున పూట పూల్ అద్దెకు తీసుకుని సిలిండర్ల ఈత నేర్పుతోంది, మీకు తెలీదా?" అని. తెలీదా అని అడిగితే మనిషి ఏం చెప్తాడు. తెలుసులే అన్నారు. ఏది ఎప్పుడు తెలుసనాలో, ఏది ఎప్పుడు తెలియలేదనాలో ఆయనకు బాగా అలవాటు. ఇంటికొచ్చి ఆవిడని అడిగితే ఆవిడ జవాబు చెప్పకుండా కుళాయి తిప్పింది. ఫోన్లో కూతురితో మాట్లాడేటప్పుడు కూడా అంతే, వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి మాట్లాడుతుంది, నీళ్ల చప్పుడులో మాటలు వినబడవని. నీళ్ల చప్పుడు వెనకనుంచి మాటలు వినడమే ఆయన వృత్తి అని ఇన్నేళ్ల కాపురంలో ఆవిడకి తట్టనే లేదు. అన్నీ వినబడేవి. "ఆయన బాగానే ఉన్నారులే, నువ్వు అడగవు గానీ" అని ఆవిడ అనడం కూడా వినబడింది.

అడగదు. ఎందుకడుగుతుంది. రాత్రింబవళ్లు కష్టపడి మెడలో పతకాలు వేయించినవాడు కదా, వాడి యోగక్షేమాలు ఎందుకు. మొదటి రోజు క్లాసుకి వచ్చి గట్టు మీద అందరితో పాటు బెంచీ మీద కూర్చుంటే, ఆమె వరసగా అందరినీ పలకరిస్తూ వచ్చి, ఆయన ముందు ఆగి, ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణమే, గొంతు సవరించుకుని, "మీకు గుండె జబ్బులు, ఆస్తమా లాంటివి ఏమైనా ఉన్నాయా సర్?" అంది. సర్. బ్యాంకాయనా సర్, ఈయనా సర్. లేవమ్మా అన్నారు. అమ్మా అని ఎందుకు అన్నారో, కూరలమ్మే ఆవిడని కూడా అలాగే అంటారు గనక ఎవరూ పట్టించుకోలేదు. ఈ రోజుతో పూల్‌లో చేసేవన్నీ అయిపోతాయి. ఈ రోజు పాసైతే రేపు సముద్రం. సముద్రంలో మొదటిసారి దిగేవాడి చెయ్యి ఇన్‌స్ట్రక్టర్ పట్టుకునే ఉండాలట, అడుగు చేరేదాకా వదలకూడదట, అదీ రూలే. ఆ మాట విన్న దగ్గరనుంచి మాస్టారికి మరో ధ్యాస లేదు. ఆ నీలం నీళ్లలో, ఎవరూ లేని చోట, తన చెయ్యి పట్టుకుని దింపుతుంది. అక్కడ సర్ అనడానికి కూడా వీలుండదు, నోట్లో రబ్బరు ఉంటుంది కదా. పాసవ్వాలి. ఎంతమందిని పాస్ చేయించినవాడు, తను పాసవ్వడం ఒక లెక్కా.

వచ్చింది. ఎదురుగా కూర్చుంది. చూసింది. అబ్బ, ఆ కళ్లు వాళ్లమ్మవి, అద్దం వెనక ఇంకా పెద్దవిగా కనబడుతున్నాయి, కానీ ఆ చూపులో ఏముంది, కరెంటు మీటర్ చూసేవాడు మీటర్ని చూసినట్టు ఉంది. సున్నా చుట్టింది. ఆయన చుట్టారు. రెగ్యులేటర్ నోట్లోంచి తీసి చూపించి, మళ్లీ పెట్టుకోమని సైగ చేసింది. ఇదేం విద్య. తీశారు. నోరు బిగించి, ఛాతీ నిండా గాలి నింపుకుని, చూడు ఎంతసేపైనా ఉండగలను అన్నట్టు కూర్చున్నారు. ఆమె తల అడ్డంగా ఊపి, చూపుడువేలితో తన పెదవుల మీద టకటక కొట్టుకుంది. బుడగలు. సన్నగా బుడగలు వదులుతూ ఉండాలి, నోట్లో రెగ్యులేటర్ లేనప్పుడు ఊపిరి బిగపట్టకూడదు, ఎప్పుడూ బిగపట్టకూడదు, ఇది మొదటి పాఠం, గట్టు మీద బోర్డు మీద రాసి అందరి చేతా పైకి చదివించింది. కింద ఊపిరి బిగపట్టి పైకొస్తే లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిట్లిపోతాయట. చిట్లుతాయి, ఎందుకు చిట్లవు, సిలిండర్ గాలి పీల్చే సుకుమారాలకు చిట్లుతాయి. ఆమె పెదవుల మీద ఇంకా కొట్టుకుంటూనే ఉంది. వదిలారు. చిన్న చిన్న బుడగలు, ఒకదాని వెనక ఒకటి, ఆయన నోట్లోంచి బయటికొచ్చి కళ్ల ముందునుంచి పైకి పోతుంటే ఏదో దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు అనిపించింది.

బుడగ. ఇంట్లో అదే పేరు ఆమెకు. నడక రాకముందే నీళ్లలో దించారు, ముఖం నీళ్లలో పెట్టగానే నవ్వేది, నవ్వితే బుడగలు, బుడగలు చూసి ఇంకా నవ్వు, ఇంకా బుడగలు, ఆవిడ గట్టు మీద తువ్వాలు పట్టుకుని నిలబడి, "చాల్లెండి, పిల్ల నీళ్లు మింగుతుంది" అంటున్నా వినకుండా తండ్రీ కూతురూ అదే ఆట. ఆ ఆటే కొంప ముంచేది, ఆయన గనక అక్కడే ఆగిపోయి ఉంటే. ఈతగాడికి బుడగ శత్రువు. గోడ తన్ని నీళ్ల కింద ఎంత దూరం పోతే అంత లాభం, పోవాలంటే గాలి లోపల ఉండాలి, బుడగ వచ్చిందంటే గాలి కారిపోతున్నట్టు, గాలి కారితే మనిషి పైకి రావాలి, పైకి వస్తే పక్క వరసవాడు ముందుకు పోతాడు. ఇంతే కథ. దీన్ని పిల్లల బుర్రల్లోకి ఎక్కించడానికి ఆయన కనిపెట్టిన పద్ధతికి పిల్లలే పేరు పెట్టారు, మూత అని. గోడ దగ్గర వరసగా నిలబెట్టి ముంచి, ఒక్కొక్కరి నెత్తిన అరచెయ్యి పెట్టి, నోటితో లెక్కపెట్టడం. లెక్క పూర్తయ్యేదాకా మూత తియ్యరు. మధ్యలో బుడగ వచ్చిందా, లెక్క మళ్లీ మొదటినుంచి. పై గ్యాలరీలో తల్లిదండ్రులు టిఫిన్ డబ్బాలు పట్టుకుని కూర్చుని చూసేవారు, ఒక్కళ్లు కూడా ఇదేమిటని అడగలేదు, పైగా మావాడికి ఇంకో రెండు అంకెలు ఎక్కువ పెట్టండి మాస్టారూ అనేవాళ్లు. మొసలి మాస్టారు అని పిల్లలు చాటున పిలుచుకునేవారు, ఆ పేరు ఆయన చెవిన పడినప్పుడు కోపం రాకపోగా కాస్త గర్వంగానే అనిపించింది. మూత కింద తయారైన వాళ్లే కదా రాష్ట్ర పోటీల దాకా పోయింది. సొంత కూతురని ఒక అంకె తగ్గించారా, లేదు. ఎక్కువే పెట్టారు. జనం వేలెత్తి చూపించకూడదు. బుడగ అన్న పిల్ల నోట్లోంచి ఒక్క బుడగ రాకుండా చేశారు, అది మామూలు పనా.

భుజం మీద తట్టింది. లేవమంటోంది, తర్వాతది పూల్ పొడుగునా ఈదాలి. రేపు సముద్రం కింద ఉండగా సిలిండర్లో గాలి అయిపోయిందనుకో, ఒకే ఊపిరితో పైకి ఎలా రావాలో ఇక్కడ అడ్డంగా ఈది చూపించాలి, రెగ్యులేటర్ నోట్లోనే ఉంచుకుని, దాంట్లోంచి మాత్రం గాలి తీసుకోకుండా. ఒకే ఊపిరితో ఈదడం. మాస్టారికి లోపల నవ్వొచ్చింది. ఎవరికి చెప్తోంది. బ్యాంకాయన పాపం సగం పోయి చేతులెత్తేశాడు. కొత్త పెళ్లికొడుకు కిందా మీదా పడి అవతలి గోడ అందుకున్నాడు, పెళ్లాం చప్పట్లు, నీళ్లలో చప్పుడు రాని చప్పట్లు. మాస్టారు గోడకి పాదాలు ఆన్చారు. ఈ గోడ. ఈ పలకల్లో పగిలినది ఏదో, అతుకు వేసినది ఏదో కళ్లు మూసుకుని చెప్పగలరు. తన్నారు. సిలిండర్ బరువు కూడా తెలియలేదు, ఒళ్లు దారి గుర్తుపట్టింది, నల్ల గీత కిందనుంచి జారిపోతోంది, కాళ్లు రెండూ ఒక్కటిగా, అబ్బా ఎన్నాళ్లయింది. పక్కనే ఆమె ఈదుతోంది, ముఖం ఇటే తిప్పి. చూస్తోంది. చూడు. అరవై దాటినవాడు ఎలా పోతున్నాడో చూడు. పెదవుల మీద వేలితో కొట్టుకుంటోంది, దేనికి, ఆశ్చర్యపోతోందేమో, కొట్టుకోనీ, జబ్బ పట్టుకుని కూడా ఊపింది, విదిలించుకున్నారు, గోడ వచ్చేస్తోంది, ఒక్క బుడగ, ఒక్కటంటే ఒక్కటి వదల్లేదు, గోడ తాకి పైకి లేచి, మాస్క్ నుదుటి మీదికి తోసి, ఆయాసం కూడా కనబడనివ్వకుండా ఆమె వైపు తిరిగారు. గ్యాలరీలో వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు, వాడు కూడా చప్పట్లు కొట్టలేదు.

ఆమె ముఖం పాలిపోయి ఉంది.

"సర్, మీరు ఊపిరి బిగపట్టారు."

"చివరిదాకా వచ్చాను కదా."

"రావడం కాదు సర్ కావలసింది. నోటితో ఆ… అంటూ రావాలి. దారంతా గాలి వదులుతూ రావాలి. ఇదే సముద్రంలో చేసి ఉంటే నేను మిమ్మల్ని పడవలోకి ఎక్కించేదాన్ని కాదు, మోయించేదాన్ని."

"నాకు చెప్తున్నావా?"

"మీకే చెప్తున్నాను సర్. మళ్లీ చేద్దాం, రండి."

బ్యాంకాయన మొహం అటు తిప్పుకున్నాడు, మర్యాదస్తుడు. తల కొట్టేసినట్టయింది మాస్టారికి. ఈ గట్టు మీద, ఈ పలకల మీద, ఎంతమంది పిల్లల్ని వెనక్కి పంపారు, మళ్లీ చెయ్యి, మళ్లీ, అని, వాళ్ల మొహాలు ఎలా ఉండేవో అప్పుడు చూడలేదు, చూడాల్సిన అవసరం ఏముంది, నేర్పేవాడు మొహాలు చూస్తూ కూర్చుంటే నేర్పినట్టే. మళ్లీ వెళ్లారు. గొంతు చూపించమంటే డాక్టరు ముందు నోరు తెరిచినట్టు, ఆ, అంటూ, ఆ శబ్దం రబ్బరులోంచి గరగరలాడుతూ, జీవితంలో మొదటిసారి నీళ్ల కింద నోరు విప్పి ఈదారు. గాలి కారిపోతోంది. ఛాతీ ఖాళీ అవుతోంది. ఇంతకాలం దాచుకున్నదేదో దారంతా ఒలికిపోతున్నట్టు, ఒకటే దిగులు. ఆమె పక్కన ఈదుతూ ఆయన నోటి వైపే చూస్తోంది, బుడగలు వస్తున్నాయా లేదా అని. ఆయన కూడా ఇలాగే చూసేవారు పిల్లల నోళ్లవైపు, బుడగలు వస్తున్నాయా అని, రాకూడదని. ఆమెకేమో రావాలి. వాళ్లమ్మ మంచితనం, ఇంకేం. అయినా ఇది ఈతేమిటి, గాలి మోసుకుపోయి నీళ్లలో పీల్చుకోవడం ఒక విద్యేమిటి. నా దగ్గరే ఉండి ఉంటే ఈపాటికి ఏ జాతీయ జట్టుకో కోచ్ అయ్యేది. ఇదిగో, ఇలా పెళ్లి జంటలకి చేపలు చూపించుకుంటూ బతుకుతోంది. గోడ తాకారు. ఆమె సున్నా చుట్టింది. ఎంత చిన్న సున్నా.

చివరిది మాస్క్. అడుగున కూర్చుని మాస్క్ పూర్తిగా తీసేసి, ముఖం మీద నీళ్లుండగా నోటితో నింపాదిగా గాలి పీలుస్తూ ఉండాలి, ఆమె సైగ చేశాక మాస్క్ పెట్టుకుని, ముక్కుతో గాలి ఊది లోపలి నీళ్లు బయటికి తోసెయ్యాలి. కొత్త పెళ్లికూతురు చేసేసింది. బ్యాంకాయన కూడా, ఎవరనుకున్నారు, ధ్యానంలో కూర్చున్నట్టు కూర్చుని చేసేశాడు. మాస్టారి ఎదురుగా వచ్చి కూర్చుంది. ఎందుకైనా మంచిదన్నట్టు ఎడమచేత్తో ఆయన జాకెట్ పట్టీ పట్టుకుంది, భుజం మీద, మెడకి దగ్గరగా. అందరికీ అలాగే పట్టుకుంది, చూశారు, అందరికీ అంతే, అయినా ఆ బరువు తగలగానే వెన్నులో ఏదో జరిగింది. మాస్క్ తీశారు. చల్లటి నీళ్లు కళ్లల్లో, ముక్కులో. ఆమె ముఖం చెరిగిపోయి ఒక నల్ల మచ్చ అయింది. ఇప్పుడు గాలి పీల్చాలి, నోటితో. ముక్కు నీళ్లలో తెరిచి ఉండగా నోటితో పీల్చడం ఆయన ఒళ్లు ఎరగదు, ముఖం మునిగితే అన్నీ మూసెయ్యాలి, అదీ ఆయన నేర్చుకున్నది, నేర్పింది. పీల్చారు. నీళ్లు ముక్కులోంచి గొంతులోకి పోయాయి. దగ్గు వచ్చింది, నీళ్ల కింద దగ్గు, దగ్గితే ఇంకా పోయాయి, కాళ్లు వాటంతటవే తన్నుకున్నాయి, పైకి, పైకి, మీద ఉన్న చెయ్యి కదల్లేదు, పట్టుకునే ఉంది, నొక్కుతోంది, నొక్కి పెడుతోంది, ఇన్నాళ్లు ఆగి ఇప్పుడు, కక్ష తీర్చుకుంటోంది, ఎవరూ చూడడం లేదు, ఎవరైనా చూసినా నేర్పుతోంది అనుకుంటారు. మాస్టారి చెయ్యి వెతుక్కుంటూ పోయి ఆమె మణికట్టు మీద తట్టింది.

తట్టిన తీరు ఆయనకు తెలుసు. మూడు వేళ్లతో, మణికట్టు ఎముక పక్కన, మెత్తగా, తలుపు కొట్టినట్టు. ఏళ్ల కిందట ఆ సాయంత్రం, పోటీకి ముందు, మిగతా పిల్లలంతా వెళ్లిపోయాక, పూల్‌లో ఇద్దరే, ఆయన అరచేతి కింద ఆమె తడి జుట్టు. మొదట మెత్తగా తట్టింది. ఆ, మొదలుపెట్టింది, అనుకున్నారు. ఇంకోసారి తట్టింది, ఈసారి గట్టిగా. ఇంకొంచెం, ఇంకొంచెం ఓర్చుకో, ఇక్కడ ఓర్చుకుంటేనే అక్కడ గెలుపు. మళ్లీ తట్టింది. వేళ్లతో పట్టుకుంది, గోళ్లు గుచ్చుకున్నాయి కూడా, ఆ గీతలు మర్నాడు స్నానం చేస్తుంటే చురుక్కుమన్నాయి. అంకెలు పైకి లెక్కపెడుతూనే ఉన్నారు. తర్వాత తట్టడం ఆగిపోయింది. ఆగిపోతే ఆయనకు ఏమనిపించింది, అది ఎవరికి చెప్పగలరు, ఎవరికీ చెప్పలేదు, ఆవిడకి కూడా, తనకి తను కూడా, ఆ, ఇప్పటికి దారికొచ్చింది, అనిపించింది. సంతోషం వేసింది. లెక్క పూర్తి చేసి చెయ్యి తీస్తే పిల్ల పైకి రాలేదు. వాచ్‌మన్ బట్టలతోనే దూకాడు. గట్టు మీద బోర్లా పడుకోబెట్టి వీపు మీద కొడితే నీళ్లు కక్కుకుని, కళ్లు తెరిచి, మొదట చూసింది ఆయన ముఖం కాదు, ఆయన చెయ్యి. నాకు తెలియలేదు అన్నారు. డాక్టరుతో అన్నారు, పూల్ కమిటీవాళ్లతో అన్నారు, ఆవిడతో గడపలో నిలబడి అన్నారు, గంటల తరబడి నీళ్లలో నానిన చేతికి స్పర్శ ఏం తెలుస్తుంది, తట్టిందట, నాకు తెలియలేదు. అందరూ నమ్మారు. కోచ్‌ని నమ్మక ఎవరిని నమ్ముతారు. నమ్మనిది ఒక్కతే, ఆ ఒక్కతీ పల్లెత్తు మాట అనకుండా సంచీ సర్దుకుని హాస్టల్‌కి పోయింది.

ఇదంతా ఎంతసేపు. ఆయన వేళ్లు ఆమె మణికట్టుకి ఒక్కసారి తగిలాయో లేదో, రెండోసారి తట్టడానికి లేచాయో లేదో, ఆమె లేచింది. నొక్కి పెట్టడం కాదు, పట్టుకుని తనతో పాటు లేపుతోంది. రెండో చెయ్యి ఆయన నోటి మీద రెగ్యులేటర్ ఊడిపోకుండా అదిమి పట్టింది. కళ్లకి ఏమీ కనబడడం లేదు, బొటనవేలు పైకి చూపిస్తున్న నీడ మాత్రం తెలిసింది, పైకి, పైకి వెళ్దాం అని. నీళ్లు చిట్లి వెలుతురు వచ్చింది. ఆమె ఆయన జాకెట్‌లోకి గాలి ఎక్కించి తేలేలా చేసి, గోడ దాకా లాక్కొచ్చి, గోడకున్న ఇనుప గొట్టం మీద చెయ్యి పెట్టించింది. మాస్టారు దగ్గారు, కక్కారు, ముక్కు కారింది, తుడుచుకోవడానికి కూడా చెయ్యి లేవలేదు.

"ఫరవాలేదు సర్. నింపాదిగా పీల్చండి. పైకి రావాలనిపిస్తే రావచ్చు, ఎవరైనా, ఎప్పుడైనా. ఇక్కడ అదొక్కటే పెద్ద రూలు."

ఆయన తల ఊపారు. మిగతావాళ్లు కిందే ఉన్నారు, అసిస్టెంట్ కుర్రాడు వాళ్లని చూసుకుంటున్నాడు, వాళ్ల బుడగలు ఇద్దరి మధ్యకీ వచ్చి పగులుతున్నాయి. ఆమె వెళ్లలేదు. మాస్క్ మెడలోకి లాక్కుంది. ఆచ్ఛాదన ఏదీ లేని ముఖం, బుగ్గల మీద మాస్క్ అంచు గీతలు, కళ్ల కింద సన్నటి ముడతలు కూడా మొదలయ్యాయి, ఎప్పుడు మొదలయ్యాయి, ఎవరు చూశారు. తన మణికట్టు వైపు చూసుకుంది, ఆయన వేళ్లు తగిలిన చోటు.

"గ్లవ్స్ వేసుకున్నాను" అంది, నెమ్మదిగా. "ఇంత మందం రబ్బరు. అయినా ఒక్కసారి తట్టగానే తెలిసింది."

మాస్టారు గొట్టం మీద పట్టు మార్చుకున్నారు.

"నాన్నా" అంది. "ఒక్కటి అడుగుతాను. దెబ్బలాటకి కాదు. ఆ రోజు నేను తట్టడం నీకు తెలిసిందా, తెలియలేదా?"

నాన్నా. నీకు. వచ్చేసింది, సముద్రం దాకా పోనక్కర్లేకుండానే, ఈ పాత గోడ దగ్గరే, ఇంత సులువుగా. ముఖం మీద కోపం లేదు. వెతికారు, కోపం ఉంటే బావుండేది, కోపానికి ఎదురు చెప్పడం ఆయనకు వచ్చు. ఒక్క మాట అంటే చాలు, రెండక్షరాలో మూడక్షరాలో. ఆ మాట ఛాతీలోంచి లేచింది, గొంతు దాకా వచ్చింది, నిజంగానే వచ్చింది. కానీ తెలుసు అంటే, తెలిసుండి చెయ్యి ఎందుకు తియ్యలేదు అంటుంది. తియ్యలేదెందుకంటే ఏం చెప్పాలి. నువ్వు తట్టడం మానేస్తే నాకు సంతోషం వేసిందమ్మా అని చెప్పాలా. ముప్పై ఏళ్లు, అంతమంది పిల్లలు, ఆ పతకాలు, ఆ చప్పట్లు, అన్నీ ఆ ఒక్క మాట కింద పడి నలిగిపోవా. వాచ్‌మన్ గ్యాలరీలోంచి ముందుకు వంగి చూస్తున్నాడు. ఒళ్లు దారి గుర్తుపట్టింది. నోరు దానంతట అదే బిగుసుకుంది.

"తెలియలేదమ్మా" అన్నారు. "గంటలకొద్దీ నీళ్లలో నానిన చెయ్యి. దానికి ఏం తెలుస్తుంది."

ఆమె ఇంకాసేపు చూసింది. ఆశ్చర్యపోలేదు, ఏడవలేదు. తల ఊపింది, అవునన్నట్టు కాదు, సరే అయిపోయింది అన్నట్టు. మెడలోంచి మాస్క్ పైకి లాక్కుంది.

"సరే సర్. మాస్క్ ఇంకోసారి చేద్దాం. ఇది వస్తే మీరు పాసే. రేపు సముద్రంలో మీకు మా అసిస్టెంట్ చెయ్యి పట్టుకుంటాడు, మంచి కుర్రాడు, భయం లేదు."

దిగారు. అవే పలకలు, అదే నల్ల గీత, అదే చోట మోకాళ్లు. ఎదురుగా ఆమె. ఈసారి పట్టీ పట్టుకుంది కానీ వేళ్ల కొసలతో. మాస్క్ తీశారు. ముఖం మీద నీళ్లు, ఎదురుగా నల్ల మచ్చ. ముక్కు సంగతి మర్చిపోయి నోటితో పీల్చారు, వచ్చింది, వదిలారు, మళ్లీ పీల్చారు, మళ్లీ వచ్చింది. ఇంతేనా, ఇంత సులువా. ఎవరూ వినరు ఇక్కడ. నోట్లో రబ్బరు కరిచిపట్టుకునే, తెలుసు, అన్నారు మాస్టారు. బుడబుడమంది. తెలుసమ్మా, మొదటిసారి తట్టినప్పుడే తెలిసింది. బుడబుడమంది. మెత్తగా తట్టావు, తర్వాత గట్టిగా తట్టావు, గోళ్లు దిగాయి, అన్నీ తెలుసు, ఆగిపోయినప్పుడు కూడా తెలుసు. మాట మాటకీ బుడగలు, గుప్పున, ధారగా, చెవుల పక్కనుంచి, కళ్ల మీదినుంచి, ఇంత గాలి లోపల ఎక్కడుందో, వస్తూనే ఉన్నాయి. ఆమె సైగ చేస్తే మాస్క్ పెట్టుకుని, పైన నొక్కి, ముక్కుతో గట్టిగా ఊదారు. నీళ్లు కిందనుంచి పోయి, ఆమె ముఖం తేటగా కనబడింది.

ఆయన నోటి వైపే చూస్తోంది, అక్కణ్ణుంచి లేచిపోతున్న బుడగల వైపు. ఆగకుండా, బాగా వస్తున్నాయి. అంతవరకే ఆమెకు కావలసింది. కళ్లల్లోకి చూసి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టింది, బ్యాంకాయనకి చుట్టినట్టే, కొత్త జంటకి చుట్టినట్టే. జవాబు ఇవ్వాలి, రూలు. మాస్టారు కూడా సున్నా చుట్టి చూపించారు. ఆమె పట్టీ వదిలేసి తర్వాతి మనిషి దగ్గరికి వెళ్లింది.